జయాన్ నేషనల్ పార్క్: జూలై చివర్లో రెండు రోజులు, అమ్మానాన్నలు, ఏడేళ్ల బాబుతో. ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

సాయంత్రపు_నడక
అందరికీ నమస్తే. జూలై చివరి వారంలో మంగళ, బుధవారాలు అమెరికా యూటా రాష్ట్రంలోని జయాన్‌కి అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, తమ్ముడు, అమ్మ (64, మోకాళ్ల నొప్పులు), నాన్న (68, బాగానే నడుస్తారు), బాబు (7). అమ్మానాన్నలది విజిటర్ వీసా. సోమవారం రాత్రి లాస్ వేగాస్‌లో బస.

మంగళవారం ఉదయం 7కి వేగాస్‌లో బయల్దేరి 10కల్లా పార్కు. ఎమరాల్డ్ పూల్స్ (కొలనులు) చూసి, మధ్యాహ్నం 2 నుంచి నారోస్‌లో (నదిలోనే నడిచే ఇరుకు లోయ) నడక. బుధవారం ఉదయం తమ్ముడూ నేనూ ఏంజెల్స్ ల్యాండింగ్ (గొలుసులు పట్టుకుని ఎక్కే కొండ), మధ్యాహ్నం కేనియన్ ఓవర్‌లుక్ (పైనుంచి లోయ చూసే చోటు), ఆ తర్వాత సొరంగం మీదుగా బ్రైస్ కేనియన్ పార్కు. కుదురుతుందా?

ఎర్రమట్టి_దారి
కుదరదండి. ముందు గడియారం సంగతి. నెవాడా కంటే యూటా ఒక గంట ముందుంటుంది. వేగాస్ నుంచి పార్కు గేటుకి దాదాపు 160 మైళ్లు, రెండుమ్ముప్పావు గంటల డ్రైవింగ్. 7కి బయల్దేరితే యూటా టైమ్ ప్రకారం 11 అవుతుంది. ఐ-15 హైవే మధ్యలో కాసేపు ఆరిజోనాలోకి వెళ్లొస్తుంది. ఆరిజోనాలో వేసవికి గడియారం మార్చరు కాబట్టి అక్కడ కూడా ఫోన్‌లో నెవాడా టైమే ఉంటుంది, యూటా బోర్డు దాటాక గంట ముందుకు దూకుతుంది.

11కి చేరితే విజిటర్ సెంటర్ పార్కింగ్ దొరకదు. సీజన్‌లో అది ఉదయం 8–9 మధ్యే నిండిపోతుంది. స్ప్రింగ్‌డేల్ ఊళ్లో డబ్బు కట్టి కారు పెట్టి, ఊరి షటిల్ (బస్సు) ఎక్కి గేటు దగ్గర దిగి, నడిచి లోపలికి వెళ్లి మళ్లీ పార్కు షటిల్ ఎక్కాలి. రెండు షటిళ్లూ ఉచితమే, టికెట్టు అక్కర్లేదు. షటిల్ తిరిగే నెలల్లో లోయలోకి వెళ్లే సీనిక్ డ్రైవ్ రోడ్డు మీదికి సొంత బండ్లను వదలరు. కింది నుంచి ఆఖరి స్టాపు దాకా ముప్పావు గంట ప్రయాణం. ఈ లెక్కన మీరు నీళ్లలో కాలు పెట్టేసరికి మధ్యాహ్నం 2 కాదు, 3 దాటుతుంది.

అసలు చిక్కు అక్కడే. జూలై మధ్య నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ మాన్‌సూన్. ఉదయం ఆకాశం కడిగినట్టుంటుంది, మధ్యాహ్నానికి ఉరుములు మొదలవుతాయి. నారోస్‌కి మధ్యాహ్నం వెళ్లడమంటే సరిగ్గా వాన వచ్చే వేళకి ఇరుకులో ఉండటం. అటు ఏంజెల్స్ ల్యాండింగ్‌కీ తెల్లవారుజామే కావాలి, ఎండా పిడుగులూ రెండూ కారణమే. ఒక్క ఉదయంలో రెండూ అవ్వవు. జూలైలో జయాన్‌కి ఎన్ని రోజులు అని కాదు, ఎన్ని ఉదయాలు అని లెక్కవేసుకోవాలి. మీ దగ్గరున్నది ఒక్కటే.

సోమవారం రాత్రి బస వేగాస్ నుంచి స్ప్రింగ్‌డేల్‌కి మార్చేయండి. అక్కడ గది దొరక్కపోతే హరికేన్ అనే ఊరు, అదీ కాకపోతే సెయింట్ జార్జ్.

లెక్కల_పుస్తకం
ఫీజుల సంగతి ఎవరూ చెప్పలేదు. కారుకి 35 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. 2026 జనవరి 1 నుంచి జయాన్, బ్రైస్, గ్రాండ్ కేనియన్ కలుపుకొని 11 పార్కుల్లో అమెరికా నివాసులు కాని, 16 ఏళ్లు నిండినవాళ్లకి తలకి 100 డాలర్లు అదనం. వార్షిక పాస్ నివాసులకి 80, ఇతరులకి 250. ఆ 250 పాస్ ఉన్నవాళ్లకి ఈ 100 ఉండదు. అమ్మానాన్నలకి జయాన్‌లో 200, బ్రైస్‌లో ఇంకో 200 పెట్టే ముందు పాస్ లెక్క కూడా వేసుకోండి. నివాసి అని చూపించడానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు కావాలి, మీ డ్రైవింగ్ లైసెన్స్ దగ్గరుంచుకోండి.

సీనియర్ పాస్ అని కొందరు సలహా ఇస్తుంటారు. అది పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే, విజిటర్ వీసాకి వర్తించదు.

నీటిమట్టం
నారోస్ గురించి వివరంగా రాస్తాను, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దీన్నే.

ఆఖరి స్టాపు 9, టెంపుల్ ఆఫ్ సినవావా. అక్కణ్ణుంచి రివర్‌సైడ్ వాక్ ఒక మైలు, చదునైన సిమెంటు బాట. బాట అయిపోయిన చోట వర్జిన్ నదిలో దిగుతారు. ఆపైన దారీ నదీ ఒకటే. కింది నుంచి ఎక్కేవాళ్లకి పర్మిట్ అక్కర్లేదు, బిగ్ స్ప్రింగ్ దాకా వెళ్లొచ్చు. రానూపోనూ పది మైళ్లకి కాస్త తక్కువ, అది రోజంతా పని. ఆర్డర్‌విల్ కేనియన్ వచ్చి కలిసే చోటు స్టాపు నుంచి సుమారు రెండున్నర మైళ్లు, వెళ్లడానికి రెండు గంటలు. చాలామందికి అది చాలు. పైనున్న చాంబర్లేన్స్ రాంచ్ నుంచి 16 మైళ్లు దిగడం వేరే కథ, దానికి పర్మిట్ ఉండాలి.

ముందు చూడాల్సింది ప్రవాహం. నదిలో 150 క్యూసెక్కులు దాటితే నారోస్ మూసేస్తారు. ప్రాజెక్టుల గేట్లెత్తారన్న వార్తల్లో లక్షల క్యూసెక్కులు చదివిన మనకి 150 అంటే నవ్వొస్తుంది. కానీ నది వెడల్పు కొన్నిచోట్ల 20–30 అడుగులే, రెండువైపులా వెయ్యి అడుగుల పైన నిట్టనిలువు గోడ. జూలై చివర్లో మామూలుగా 30 నుంచి 60 మధ్య ఉంటుంది. ఆ మట్టంలో చాలాచోట్ల మోకాలి లోతు, కొన్ని మడుగుల్లో నడుము దాకా. ఏప్రిల్, మే నెలల్లో మంచు కరిగి వచ్చే నీళ్లకి వారాల తరబడి మూసి ఉంటుంది, ఆ బాధ మీకు లేదు. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల నీటి గేజీ స్ప్రింగ్‌డేల్ దగ్గరుంది, అంకెలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

రెండోది ఆకస్మిక వరద అంచనా. జాతీయ వాతావరణ సంస్థ ప్రతిరోజూ ఇస్తుంది, విజిటర్ సెంటర్ దగ్గర బోర్డు మీద పెడతారు. నాలుగు మెట్లు: నాట్ ఎక్స్‌పెక్టెడ్ (వరద వచ్చేలా లేదు), పాజిబుల్ (రావచ్చు), ప్రాబబుల్ (వచ్చే అవకాశం ఎక్కువ), ఎక్స్‌పెక్టెడ్ (వస్తుందనే అంచనా). పిల్లలతో అయితే మొదటి మెట్టు రోజునే ఇరుకులోకి వెళ్లండి. పాజిబుల్ అని ఉంటే మొదటి అరమైలు చూసుకుని 10 లోపు వెనక్కి వచ్చేయండి. ప్రాబబుల్, ఆపైన ఉంటే రివర్‌సైడ్ వాక్‌తో సరి. ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్ (ఆకస్మిక వరద హెచ్చరిక) జారీ అయితే పార్కువాళ్లే మూసేస్తారు, ఎత్తేశాక రెండు గంటలకి గానీ తెరవరు.

గాలివాటం
మరీ భయపెడుతున్నారు. వేసవిలో అక్కడ జాతర. మబ్బు పడితే అందరూ వెనక్కి తిరుగుతారు, మనమూ తిరగొచ్చు కదా?

నీటిమట్టం
@గాలివాటం మబ్బు మీకు కనపడితే కదా. లోయ అడుగున నిలబడితే తలెత్తినప్పుడు కనిపించేది ఆకాశపు పీలిక. వాన కురిసేది ఎగువన ఎన్నో మైళ్ల అవతల, మీ నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది. ఎగువన చాలాచోట్ల బోడి ఇసుకరాయి. మట్టి లేదు, చెట్టు లేదు, పడ్డ నీరు ఇంకే చోటు లేదు. అరగంట జల్లుకే ప్రతి గండిలోంచీ నీళ్లు దూకి నదిలో పడతాయి. వాల్ స్ట్రీట్ అనే భాగంలో గోడకీ గోడకీ మధ్య అంతా నదే, ఎక్కి నిలబడడానికి గట్టు ఉండదు. జాతరలో ఎంతమంది ఉన్నారన్నది ఆ క్షణంలో పనికిరాదు.

2015 సెప్టెంబర్‌లో ఇదే పార్కులోని కీహోల్ కేనియన్‌లో ఆకస్మిక వరదకి ఏడుగురు చనిపోయారు. అది తాళ్లతో దిగే, పర్మిట్ కావాల్సిన ఇరుకు. నారోస్ కాదు. కానీ రెండింట్లోనూ వరద వచ్చే తీరు ఒకటే.

గుర్తులు ఇవి: తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి బురదరంగుకి తిరగడం, పుల్లలూ ఆకులూ కొట్టుకురావడం, నీటిమట్టం లేవడం, ఎగువ నుంచి హోరు పెరగడం, ఎక్కడో ఉరుము. వీటిలో ఏ ఒక్కటి కనపడ్డా వెనక్కి పరిగెత్తడం కాదు, దగ్గర్లో ఉన్న ఎత్తయిన గట్టు ఎక్కడం. నీళ్లు తగ్గేదాకా దిగొద్దు. కొన్ని అడుగులు పైకెక్కినా ప్రాణం నిలబడొచ్చు. అందుకే పోతున్నంతసేపూ ఆఖరి గట్టు ఎక్కడ దాటామో చూసుకుంటూ పోవాలి.

గాలివాటం
సరే, ఎగువన కురుస్తుందన్న మాట నేను పట్టించుకోలేదు. ఒప్పుకున్నాను.

వేపచెట్టు_కింద
ఏడేళ్ల బాబు ఉన్నాడన్నారు కాబట్టి ఇంకోటి. 2020 నుంచి వర్జిన్ నదిలో విషాలు వదిలే సయనోబ్యాక్టీరియా కనపడుతోంది. రాళ్లకి పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నలుపు రంగుల్లో తెట్టులా అంటుకుని ఉంటుంది. కాచినా, ట్రెక్కింగ్ ఫిల్టర్‌లో వడకట్టినా ఆ విషం పోదు. అంచేత నది నీళ్లు తాగొద్దు, తల ముంచొద్దు, పిల్లలు ఆ చేతులు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. మగ్గుతో నీళ్లు చల్లుకునే ఆట వద్దు. ఒంటిమీద గీతలూ పుండ్లూ ఉంటే ఆ చోటు తడవనివ్వొద్దు. ఒడ్డుకి వచ్చాక మంచినీళ్లతో చేతులు కడిగాకే తినడం. హెచ్చరిక ఏ స్థాయిలో ఉందో పార్కు వెబ్‌సైట్‌లో ఉంటుంది.

తాగే నీళ్లు విజిటర్ సెంటర్, మ్యూజియం, జయాన్ లాడ్జ్, గ్రోటో, టెంపుల్ ఆఫ్ సినవావా దగ్గర పట్టుకోవచ్చు. మనిషికి రోజుకి 4 లీటర్లు. లోయలో జూలై ఎండ తరచూ 100 ఫారెన్‌హీట్ దాటుతుంది, గాలి పొడి. చెమట పట్టినట్టే తెలీదు. ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పడిపోతుంది, తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. దాన్ని వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు, అప్పుడు ముదురుతుంది. గంటకోసారి ఉప్పు తగిలేది ఏదైనా తినాలి. చేగోడీలు, వేరుశనగలు, ఏవైనా సరే. షటిల్‌లో మాత్రం నీళ్లు తప్ప ఏమీ తిననివ్వరు.

కొండచిలవ_మలుపులు
ఏంజెల్స్ ల్యాండింగ్‌కి 2022 ఏప్రిల్ 1 నుంచి పర్మిట్ లేకుండా వదలడం లేదు. మీ పోస్టులో ఆ ఊసే లేదు. లాటరీలు రెండు. వేసవి సీజన్‌ది ఏప్రిల్ 1–20 మధ్యే అయిపోయింది. మీకు మిగిలింది ముందురోజు లాటరీ: రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో అర్ధరాత్రి 12:01 నుంచి మధ్యాహ్నం 3 దాకా దరఖాస్తు, 4కి ఫలితం, అన్నీ యూటా టైమే. దరఖాస్తుకి 6 డాలర్లు, రాకపోయినా తిరిగివ్వరు. ఒక దరఖాస్తులో ఆరుగురి దాకా పెట్టొచ్చు. వస్తే మనిషికి 3 డాలర్లు. 9 లోపు, 9–12 మధ్య, 12 తర్వాత అని మూడు వేళలు, ఏ వేళకి బయల్దేరతారో ముందే ఎంచుకోవాలి. లోయలో ఫోన్ సిగ్నల్ చాలామటుకు ఉండదు. అందుకే బుధవారం నడకకి సోమవారం అర్ధరాత్రి దాటాక గదిలోంచే పెట్టేయండి, పగటికి ఉంచుకోవద్దు.

దారి గ్రోటో (స్టాపు 6) నుంచి. రానూపోనూ 5.4 మైళ్లు, ఎక్కుడు 1,488 అడుగులు. మొదటి మలుపులు తూర్పుముఖంగా ఉంటాయి కాబట్టి పొద్దెక్కితే నేరుగా ఎండ. తర్వాత రిఫ్రిజిరేటర్ కేనియన్ అనే నీడ భాగం, ఆపైన వాల్టర్స్ విగ్గల్స్ అనే 21 బిగుతు మలుపులు. అవి ఎక్కి స్కౌట్ లుకౌట్ చేరడానికి పర్మిట్ అక్కర్లేదు. పర్మిట్ అక్కణ్ణుంచి పైకి, గొలుసులున్న ఆఖరి అరమైలుకే. అక్కడ కొన్నిచోట్ల దారి వెడల్పు కొద్ది అడుగులు, రెండువైపులా వెయ్యి అడుగుల లోతు.

చిక్కు ఎక్కేటప్పుడు కాదు, ఎదురుబొదురయ్యేటప్పుడు వస్తుంది. ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ ఒకటే గొలుసు. వెడల్పు చోటు కనపడగానే ఆగి, ముందు గుంపుని పోనిచ్చి కదలాలి. గొలుసు వదిలి పక్కనుంచి చుట్టి దాటబోయే తొందరే ప్రమాదం. రాతి మీద సన్నటి ఇసుక ఉంటుంది, అరిగిన అట్టతో ఉన్న జోడు దాని మీద జారుతుంది. సెల్ఫీ కర్ర, వేలాడే కెమెరా, చేతిలో సీసా ఏవీ వద్దు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఉరుము వినపడితే గొలుసుల భాగంలోకి అడుగు పెట్టకండి.

పర్మిట్ రాకపోతే స్కౌట్ లుకౌట్‌తో సరిపెట్టుకోండి. నా లెక్కలో అందం మూడొంతులు అక్కడే కనపడుతుంది.

పెద్దతోడు
అమ్మగారి కోసం. ఎమరాల్డ్ పూల్స్‌లో కింది కొలను ఒక్కటే పెట్టుకోండి, లాడ్జ్ (స్టాపు 5) నుంచి రానూపోనూ 1.2 మైళ్లు. పై కొలను రాళ్ల ఎక్కుడు, మోకాళ్లకి పడదు. అక్కడ కొండలోంచి నీరు ఊరుతూ ఉండటం చూసి అందరూ ఆశ్చర్యపోతారు. పైనున్న నవాజో ఇసుకరాయిలోంచి నీరు మెల్లగా కిందికి దిగుతుంది, అడుగునున్న కయెంటా పొర దాన్ని దిగనివ్వదు, పక్కకి తిరిగి గోడలోంచి బయటికొస్తుంది. ఎడారి మధ్యలో గోడకి నాచూ ఫెర్న్ మొక్కలూ వేలాడేది అందుకే. కొలనుల్లో దిగడం నిషేధం.

రివర్‌సైడ్ వాక్ వాళ్లకి అన్నిటికన్నా హాయి, నీడ ఎక్కువ. మీరు నీళ్లలోకి వెళ్లినప్పుడు వాళ్లు బాట చివర రాళ్ల మీద కూర్చోవచ్చు. ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి వెళ్లండి, ఫోన్లు పనిచేయవు. పారస్ ట్రైల్ 1.75 మైళ్లు, చక్రాల కుర్చీ పోయేంత చదును. కానీ నీడ బొత్తిగా లేదు, పొద్దువాలాక 7 గంటలకే వెళ్లాలి. షటిళ్లలోకి వీల్‌చైర్ ఎక్కించొచ్చు. మిట్టమధ్యాహ్నం లాడ్జ్ ముందున్న పచ్చికలో చెట్టు కింద కూర్చోబెట్టండి.

కేనియన్ ఓవర్‌లుక్ రానూపోనూ ఒక మైలే అయినా మొదట్లోనే రాతి మెట్లు, కొన్నిచోట్ల పక్కన కంచె ఉండదు. నాన్నగారు వెళ్లొచ్చు, అమ్మగారు వద్దు. సొరంగం తూర్పు మూతి దగ్గర పార్కింగ్ పట్టున కొన్ని కార్లకే. మధ్యాహ్నం వెళ్తే దొరకదు.

ఎర్రమట్టి_దారి
ఆఖరి షటిల్ సమయం స్టాపు దగ్గర రాసి ఉంటుంది, దిగగానే ఫొటో తీసుకోండి. టెంపుల్ ఆఫ్ సినవావాలో అది తప్పిపోతే విజిటర్ సెంటర్ దాకా దాదాపు 8 మైళ్లు నడకే.

బండిచక్రం
సొరంగం: 1.1 మైలు, 1930లో పూర్తయింది, లోపల వంపు తిరిగి ఉంటుంది. ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు గానీ వెడల్పు 7 అడుగుల 10 అంగుళాలు గానీ దాటిన బండికి ఇదివరకు 15 డాలర్లు తీసుకుని ఎదురు ట్రాఫిక్ ఆపి పంపేవారు. 2026 నుంచి అలాంటి బండ్లని ఆ రోడ్డు మీదికే రానివ్వబోమని పార్కు ప్రకటించింది. మీ ఆరుగురికి మినీవ్యాన్ చాలు, ఏ ఇబ్బందీ లేదు. ఆర్‌వీ (పడకలూ వంటగదీ ఉండే పెద్ద బండి) అద్దెకి తీసుకునే ఆలోచన ఉంటే మానేయండి.

సాయంత్రపు_నడక
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్సండి. వేగాస్ గది రద్దు చేసి సోమవారం రాత్రికి స్ప్రింగ్‌డేల్‌లో తీసుకున్నాను. కొత్త ప్లాన్:

మంగళవారం తొలి షటిల్‌కి అందరం టెంపుల్ ఆఫ్ సినవావా. బోర్డు బాగుంటే తమ్ముడూ నేనూ ఆర్డర్‌విల్ దాకా, ఆవిడా బాబూ మొదటి మలుపు దాకా, పెద్దవాళ్లు బాట మీద. 11కల్లా బయటికి. మధ్యాహ్నం గదిలో, సాయంత్రం పారస్. బుధవారం పర్మిట్ వస్తే ఏంజెల్స్, లేకపోతే స్కౌట్. మిగతావాళ్లు అదే వేళకి కింది ఎమరాల్డ్ పూల్. ఓవర్‌లుక్ వదిలేశాను. జోళ్ల సంగతి చెప్పండి: మామూలు స్పోర్ట్స్ షూస్ నీళ్లలో పనికొస్తాయా?

నీటిమట్టం
ప్లాన్ బాగుంది. రెండు సవరణలు. మంగళవారం అంచనా ప్రాబబుల్ అని ఉండి బుధవారం బాగుంటే రోజులు తారుమారు చేసుకోండి, మంగళవారం ఉదయం స్కౌట్‌కి వెళ్లండి. అందుకోసం సోమవారం రాత్రే బోర్డు చూసుకోవాలి. తొలి షటిల్ లైను 6 కంటే ముందే మొదలవుతుంది.

షూస్: చెప్పులు, క్రాక్స్ వద్దు. పాచి పట్టిన గుండ్రాళ్ల మధ్య మడమ ఇరుక్కుంటే విరుగుతుంది. స్పోర్ట్స్ షూస్‌తో నడిచిపోతుంది గానీ నాలుగు గంటలు తడిసి బరువెక్కుతాయి, లోపల ఇసుక చేరి బొబ్బలు లేస్తాయి. స్ప్రింగ్‌డేల్‌లో షాపులు మడమ పైదాకా వచ్చే నీటిజోళ్లు, నియోప్రీన్ (చలి ఆపే మెత్తటి రబ్బరు) సాక్సులు, కర్ర కలిపి అద్దెకిస్తాయి. మూడింట్లో ఒక్కటే తీసుకోగలిగితే కర్ర తీసుకోండి. అడుగు వేసే ముందు లోతు చూడ్డానికీ, ప్రవాహానికి ఎదురు నిలబడ్డానికీ అదే ఆధారం. కర్రని ఎగువవైపు ఆనించాలి, దిగువవైపు కాదు. బాబుకి వాడి భుజం ఎత్తు కర్ర అడగండి. జూలైలో కూడా నీళ్లు 60ల ఫారెన్‌హీట్‌లోనే ఉంటాయి, నీడలో గంట దాటితే పిల్లలకి వణుకు వస్తుంది. కాటన్ బట్టలు కాకుండా త్వరగా ఆరేవి వేయండి. పెదాలు రంగు మారితే అక్కడే వెనక్కి తిప్పండి.

సామాను ముందురోజు సాయంత్రమే తెచ్చుకోండి, తొలి షటిల్ వేళకి షాపులు తెరవరు. ఫోన్లూ కారు తాళమూ మూతి మడిచే డ్రై బ్యాగులో. నదిలోకి దిగే ముందు స్టాపు దగ్గర టాయిలెట్‌కి వెళ్లండి, పైన ఎక్కడా లేవు.

పెద్దతోడు
బ్రైస్‌కి వెళ్లేటప్పుడు సొరంగం దాటాక చెకర్‌బోర్డ్ మేసా అనే గళ్ల గళ్ల రాతికొండ దగ్గర రోడ్డు పక్కనే ఆగొచ్చు, అమ్మగారు కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. అక్కణ్ణుంచి రెండు గంటలు. బ్రైస్ అంచు 8,000 అడుగుల ఎత్తు, జూలైలోనూ రాత్రి చలి. స్వెటర్లు డిక్కీ అడుగున పెట్టకండి.